రాగి గొట్టం

అసిరయ్య ఇరవై ఏళ్లుగా టాటానగర్ ఇనుము కార్ఖానాలో పైపు ఫిట్టరు. ఆయన చెయ్యి పడిన గొట్టం చుక్క కారదని బిర్సానగర్ పేటలోని తెలుగువాళ్లంతా అనేవారు. వాళ్లు అంటే అన్నారు, ఆయన నమ్మేశాడు. తంటా అక్కడే వచ్చింది.

చెల్లెలు చిలకమ్మ మొగుడు వరహాలు టాటానగర్ స్టేషన్ దగ్గర పాత అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానల్లో ఆ బండి బ్రేకు గొట్టం తుప్పు పట్టింది. దానికి తగిన ఉక్కు గొట్టం కలకత్తా నుంచి రావాలని, వారం ఆగమని బిష్టుపూర్ బజారులో బండి సామాన్లమ్మే సర్దార్జీ చెప్పాడు. రాగిది మాత్రం వేయొద్దని, కుదుపులకు పెళుసెక్కి పగులుతుందని, తనిఖీలోనూ ఒప్పుకోరని మరీ మరీ హెచ్చరించాడు.

అసిరయ్యకు ఒళ్లు మండింది. కొట్లో కూర్చుని అమ్ముకునేవాడు తనకు గొట్టాల గురించి చెప్పడమేమిటి? కార్ఖానాలో మీటర్లకు వేసే రాగి గొట్టం ముక్క తెచ్చి, వంచి, ఒక్క పూటలో బిగించేశాడు. కార్ఖానాలో గొట్టం గోడను పట్టుకుని కదలకుండా ఉంటుంది, బండిలో గుంతగుంతకూ ఊగుతుంది. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. ఉక్కు గొట్టం వచ్చిందని కబురొస్తే అక్కర్లేదని చెప్పి పంపాడు.

విశ్వకర్మ పూజ నాటి పొద్దున వరహాలు వచ్చి, బ్రేకు తొక్కితే కిందికి దిగిపోతోందన్నాడు. అప్పటికే పానాలు, సుత్తులు కుంకుమ బొట్లతో పీట మీద ఉన్నాయి. ఆ రోజు పనిముట్టు ముట్టే ఫిట్టరు ఆ ఊళ్లో లేడు.

"గొట్టంలో గాలి సేరుంటాది బావా. రెండు మార్లు తొక్కితే పట్టుకుంటాది. రేపు సూత్తాను," అన్నాడు అసిరయ్య.

వంగి చూస్తే చాలు, కారుతున్న నూనె కనబడేది. కొత్త పంచె మాస్తుందని వంగలేదు. చూడటానికి పానా అక్కర్లేదు కదా, ఈ పాపాన్ని దేవుడి మీదికి నెట్టడానికి లేదు.

మధ్యాహ్నం వంతెన దిగుతూ టాక్సీ ఆగి ఉన్న లారీ కిందికి దూరిపోయింది. బండిలో వరహాలు ఒక్కడే. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

ఆసుపత్రి వరండాలో పోలీసు దరోగా కాగితం చదివి వినిపించాడు. పండగ పూట తాగి, వేగంగా నడిపాడని రాసుకున్నాడు. చిలకమ్మ నోట్లో కొంగు కుక్కుకుని వింటోంది. ఇంటి మనిషిగా సంతకం పెట్టాల్సింది అసిరయ్య. పెడితే ఉద్యోగం, పేరు, చెల్లెలితో రాకపోకలు అన్నీ నిలుస్తాయి. కలం పట్టుకున్నాడు. కానీ వరహాలు జన్మలో మందు ముట్టిన మనిషి కాడు.

కలం కింద పెట్టి, దరోగాకు హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"గొట్టం నానే ఏసినాను. బ్రేకు దిగిపోతందని పొద్దున్న నాకు సెప్పినాడు. పర్లేదు ఎల్లమన్నాను."

చిలకమ్మ కొంగు తీసి అన్న మొహంలోకి చూసింది.

"బండి తియ్యొద్దని నాను అడ్డం నిలబడ్డాను," అంది. "'మీ అన్న సూసినాడు, బయమేటి లేదు' అని నాకు సెప్పి ఎల్లినాడు."