గింజ కట్టిన కాడ

బుద్ధుడు పుట్టిన వెసాక్ పున్నమి పొద్దున ప్రియంగిక కొబ్బరి తురుము పిండి చిక్కటి పాలు తీస్తోంది. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న అత్తగారు పొడిమెనికే, "ఆ మొక్కల మీద పెట్టే ధ్యాసలో పావు వంతు పొయ్యి మీద పెడితే పాలన్నం అడుగంటదు కదే" అంది. పాలన్నం అడుగంటింది ఎప్పుడో, ఏళ్ల కిందట, ఒక్కసారి. అత్తగారి నోట్లో మాత్రం అది ఇప్పటికీ పొయ్యి మీదే ఉంది. ప్రియంగిక నవ్వి ఊరుకుంది. ఇవాళ ఆమెకి ఎవరి మీదా కోపం రావడం లేదు. ఆ సంతోషం పెరట్లో, పచ్చ వల పందిరి కింద, మూల కుండీలో ఉంది.

ఆ పందిరి కింద ఉన్నవన్నీ ఆంథూరియాలు. వార్నిష్ పూసినట్టు మెరిసే హృదయం లాంటి రేకు, దాని మధ్యలోంచి దీపం వత్తిలా నిలబడే కాడ. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక్క పిలకతో మొదలైంది. మట్టిలో నాటితే కుళ్లింది. కొబ్బరి డొక్కలు ముక్కలు కొట్టి, నానబెట్టి, చేదంతా పోయేదాకా నీళ్లు మార్చి, అందులో ఇటుక ముక్కలూ బొగ్గులూ కలిపి పెడితే బతికింది. దానికి తడి కావాలి కానీ నీళ్లు నిలవకూడదు, వెలుతురు కావాలి కానీ ఎండ తగలకూడదు, వేళ్లకి కాస్త గాలి ఆడాలి. ఇంత పేచీ పెట్టే మొక్కని చూసి ఆమెకి ముచ్చటేసేది. తనకేం కావాలో అది ఆకుల మీదే చెప్పేస్తుంది. అంచులు మాడాయంటే ఒకటి, పచ్చదనం పాలిపోయిందంటే ఇంకొకటి. తనని ఎవరైనా "నీకేం కావాలి?" అని అడిగితే చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టేది. అడిగినవాళ్లు లేరు కాబట్టి ఇబ్బంది రాలేదు.

మొగుడు ధర్మసిరి నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా, గుడి సభకి కార్యదర్శి. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. కానీ అతని లెక్కలో ఇంట్లో పనులన్నీ వాటంతటవే అయిపోతాయి. చొక్కాలు ఉతుక్కుంటాయి, దీపాలు తుడుచుకుంటాయి, పూలు పూస్తాయి. ఆఫీసువాళ్లు ఇంటికొస్తే పందిరి దగ్గరికి తీసుకెళ్లి, "మా పూలు చూడండి" అంటాడు. నీళ్ల పైపు కాలికి తగిలిందా, "నీ మొక్కలు తగలెయ్య" అంటాడు. పూస్తే మావి, కాలికి తగిలితే నీవి. ఒకసారి ఎవరో పెద్దాయన, "ఇంత బాగా ఎలా పెంచారు ధర్మసిరి గారూ?" అనడిగితే, "ఏముందండీ, మన వాతావరణానికి ఊరికే పూస్తాయి. ఆవిడ ఇంట్లో ఖాళీయేగా, నీళ్లు పోస్తూ ఉంటుంది" అన్నాడు. ఆ పక్కనే టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ ప్రియంగిక చేతివేళ్లు అప్పటికి బొగ్గు మసితో నల్లగా ఉన్నాయి. వాటిని పళ్లెం అడుగుకి దాచుకుంది. తర్వాత చాలా రోజులు ఆ దాచుకోవడం గుర్తొచ్చి ఒళ్లు మండింది. అతనన్నదానికి కాదు, తను దాచుకున్నందుకు.

మూల కుండీలో ఉన్నది మాత్రం పూర్తిగా ఆమెది. పుట్టింటి పిలక పూసే పువ్వు పాలతెలుపు, అంచున కొంచెం గులాబీ రంగు. సంతలో కొన్న ఇంకో మొక్క పువ్వు ఎండు చింతపండు రంగు, నల్లగా, పొగరుగా. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో అని ఒక ఆలోచన వచ్చింది. రోజూ పొద్దున్నే తెల్లపువ్వు వత్తిని చూసేది. దాని మీద తేనెచుక్కల్లా జిగురు మెరిసిన రోజున నల్లపువ్వు వత్తి మీది పొడిని చూపుడువేలికి అద్దుకుని, మెల్లగా పైనుంచి కిందికి రాసింది. మళ్లీ మర్నాడు, ఆ మర్నాడు. అత్తగారు కునుకు తీసే మధ్యాహ్నాల్లో, ఎవరికీ చెప్పకుండా. చాలాసార్లు ఏమీ జరగలేదు. ఒకసారి నత్తలు తినేశాయి. ఒకసారి వానకి కుళ్లింది. చివరికి ఈ ఒక్క కాడ నిలిచింది. నెలల తరబడి వత్తి లావెక్కుతూ లావెక్కుతూ వచ్చి, ఇప్పుడు ఒళ్లంతా నారింజ రంగు పూసలు పొదిగినట్టయింది. ఒక్కో పూసలో ఒకటో రెండో గింజలు. పైవరుస పూసలు ఇప్పటికే బయటికి వేలాడుతున్నాయి. పున్నమి రోజున కొయ్యడం ఎందుకు, రేపు తీద్దాం అనుకుంది. రేపు తీసి విత్తుకుంటే, లోకంలో ఇంతవరకూ ఎవరూ చూడని పువ్వొకటి తన చేతిలో పుడుతుంది. అదెలా ఉంటుందో తనకీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ పొద్దుటి సంతోషం.

పాలన్నం ఆకు మీద పరిచి పలకలుగా కోసి, ఉల్లికారం నూరి పెట్టి, చెయ్యి కడుక్కుని ఆ కాడని ఒకసారి చూసుకుందామని పెరట్లోకి వెళ్లింది. పందిరి కింద ఒక్క పువ్వు లేదు. ప్రతి కుండీలోనూ ఆకుల మధ్య కోసిన మొదళ్లు తడిగా మెరుస్తున్నాయి. మూల కుండీలో కూడా.

ధర్మసిరి తెల్ల చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ అప్పుడే బయటికొచ్చాడు. తెల్లారేసరికే కోసి ఆటోలో గుడికి పంపేశాడట. పోయిన వారం సభలో, "ఈసారి పూలతట్ట మా ఇంటి నుంచి" అని మాటిచ్చాడట.

"నీకు చెప్పలేదూ? మర్చిపోయుంటా. ఇంట్లో ఉన్నవేగా."

"ఆ మూలది, పూసలున్నది..."

"అదా, భలేగా ఉంది. తట్ట మధ్యలో పెట్టించా."

ఆమె ఇంకేదో అనబోయింది. అతను అప్పటికే తల్లిని రిక్షా ఎక్కించడానికి వెళ్లిపోయాడు. ప్రియంగిక ఇంట్లోకి వచ్చి తెల్లచీర కట్టుకుంది. కడుతున్నంతసేపూ ఒకటే లెక్క. బుద్ధుడికిచ్చింది తిరిగి తీసుకోవడం మహాపాపం, ఆ సంగతి ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. పీఠం మీదికి చేరిందంటే ఇక అంతే. దీపాల వేడికి పూసలు ముడుచుకుపోతాయి, మర్నాడు ఎవరో ఊడ్చి గుడి రావిచెట్టు మొదట్లో పోస్తారు. అప్పుడెళ్లి ఏరుకోవచ్చేమో. తన పువ్వుని చెత్తలో ఏరుకోవచ్చేమో అని తనే అనుకున్నందుకు ఆమెకి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఎంత అలవాటైపోయింది నాకు, అనుకుంది.

గుడి ఆవరణంతా తెల్లబట్టలే. పెద్ద భిక్షువు మైకులో పంచశీలాలు చెబుతుంటే అందరూ చేతులు జోడించి పలుకుతున్నారు. మొదటి వరసలో ధర్మసిరి గొంతు అందరికంటే గట్టిగా వినిపిస్తోంది. ప్రాణం తీయను, అన్నాడు. తర్వాత, "ఇవ్వనిది తీసుకోను" అన్నాడు.

ప్రియంగిక పెదవుల మీద ఆ మాట ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ ఎన్ని వేలసార్లు పలికిందో. దొంగతనం గురించి అనుకునేది, ఎవరి జేబులోనో చెయ్యి పెట్టడం గురించి. ఇవ్వనిది తీసుకోవడం. అంటే ఇచ్చేవాళ్లు ఒకళ్లుండాలి, ఇస్తున్నానని వాళ్లు అనాలి. నేనెప్పుడన్నాను? మరి ఇవ్వందే అది బుద్ధుడిది ఎలా అయింది? కోసిన క్షణం నుంచి ఇప్పటిదాకా అది నాదే కదా! ఎదురుగా మొగుడి మెడ వెనక నున్నగా గొరిగిన చోట చెమట పట్టి ఉంది. పాపం, ఎంత నిష్ఠగా పలుకుతున్నాడు. అతనికి నిజంగానే తెలియదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఆమెకి ఒళ్లు తేలికైంది.

శీలాలు అయ్యాక పూల పూజ. గేటు దగ్గర నుంచి పీఠం దాకా జనం బారుగా నిలబడతారు. తట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతుంది. ముట్టుకున్న ప్రతివాళ్లకీ పుణ్యంలో వాటా. ఎవరూ ఆపరు, ఎవరూ వాసన చూడరు, ఎవరూ ఏమీ తీసుకోరు. ధర్మసిరి చివర్లో, పీఠం మెట్ల దగ్గర నిలబడ్డాడు. బారు మధ్యలో పొడిమెనికే, ఆమె పక్కన ప్రియంగిక, ఆ పక్కన చేపల బజార్లో కొట్టున్న నందావతక్క.

తట్ట వస్తోంది. ఎర్రవీ, తెల్లవీ, గులాబీవీ, మధ్యలో పూసలు పొదిగిన ఆ కాడ. ఒక్క పూసా రాలలేదు. పొడిమెనికే కళ్లకద్దుకుని కోడలికి అందించింది. "ముట్టుకుని అందించవే. నీ పుణ్యం నీకొస్తుంది."

ప్రియంగిక తట్ట అందుకుంది. అందించలేదు. ఎడమ చంకన ఆనించుకుని, కుడిచేత్తో మధ్యలో కాడని మెల్లగా పైకి లాగింది.

"ఏయ్, బుద్ధుడిది అది" అంది అత్తగారు, గొంతు తగ్గించి.

"ఇంకా ఆయన దగ్గరికి చేరలేదు అత్తమ్మా. నా చేతిలోనే ఉంది."

బారు ఆగిపోయింది. వెనక డప్పులవాడు మాత్రం కొడుతూనే ఉన్నాడు. తట్ట ఎందుకు రాలేదా అని ధర్మసిరి వచ్చాడు. పెళ్లాం చేతిలో కాడ చూశాడు, చుట్టూ చూశాడు. ముందు నవ్వబోయి, తర్వాత పళ్ల మధ్య నుంచి, "లోపల పెట్టు. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇది నేనివ్వలేదు" అంది ప్రియంగిక. "మిగతావి కూడా ఇవ్వలేదు. కానీ అవి ఇప్పుడిస్తున్నాను." అని తట్టని నుదుటికి తాకించింది. ఆ పూలన్నిటినీ ఆమె మొదటిసారి ఇవ్వడం అదే. ఇవ్వడం ఇంత బావుంటుందని ఆమెకి తెలియదు.

ధర్మసిరి నోరు తెరిచాడు. ఇంతలో పక్కనుంచి నందావతక్క రెండు చేతులూ చాపింది. "ఇచ్చిందిగా, ఇక ఇటివ్వు చెల్లీ. చేతులు చాపి చాపి నాకు భుజాలు పీకుతున్నాయి. నువ్వు పక్కకి జరుగు తమ్ముడూ, పుణ్యానికి అడ్డం నిలబడకూడదు." బారులో ఎవరో కిసుక్కుమన్నారు. తట్ట కదిలింది. మెట్ల మీద పెద్ద భిక్షువు ఒకసారి ఇటు చూసి విసనకర్ర సర్దుకున్నారు. చూశారో, ఈగని తోలుకున్నారో చెప్పడం కష్టం.

పూజ అయ్యేదాకా ప్రియంగిక ఆ కాడని దీపంలా పట్టుకుని కూర్చుంది. ఎంత కడిగినా బొగ్గు మసి వదలని వేళ్లు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. పూజ అయిందో లేదో ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఇదేం కాయ, తినొచ్చా, మందుకి పనికొస్తుందా అని ఒకటే అడగడం. తల్లి పువ్వు ఏది, తండ్రి పువ్వు ఏది, వాటికి పెళ్లి ఎలా చేసిందీ ఆమె చెప్పుకొచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"జాతకాలు కుదిరాయా మరి?" అంది నందావతక్క.

"లేదక్కా. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు, చేసేశాను."

"నయం. నాకు ఇరవైలో పందొమ్మిది పొంతనలు కలిశాయన్నారు, చూడు మా ఆయన్ని" అందావిడ. నవ్వులకి చెట్టు మీది కాకులు లేచాయి.

ఇంటికొచ్చాక ధర్మసిరి, పరువు పోయిందని తల్లితో అన్నాడు, ఆమె కళ్లజోడు వెతుక్కోవడానికి లేచిపోయేసరికి పేపరు చదువుకున్నాడు. మధ్యాహ్నం ప్రియంగిక పందిరి కింద కూర్చుని పూసలు ఒక్కోటీ చిదిమి గింజలు తీస్తుంటే, పొడిమెనికే కర్ర తాటించుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. తిట్టడానికే వచ్చిందేమో అనుకుంది కోడలు. ముసలామె కళ్లజోడు పెట్టుకుని, ఒక పూస తీసుకుని, చిదిమి, జిగురు కడిగి, గింజని కొబ్బరి పీచు పొట్టు మీద పెట్టింది. అలా కొన్ని చేశాక, ఎటో చూస్తూ అంది:

"ఎన్ని తట్టలు అందించానో ఈ చేతుల్తో. ఒక్కటీ ఆపలేదు. ఆపొచ్చని తెలీదు."

ప్రియంగిక పూసల గిన్నెని ఆమె వైపు కొంచెం జరిపింది. వెలుగు పోయేదాకా ఇద్దరూ గింజలు పెడుతూ కూర్చున్నారు. ఆ సాయంత్రం పొయ్యి ఎవరు వెలిగించారంటే ఎవరూ వెలిగించలేదు. ధర్మసిరి మిగిలిన పాలన్నం తనే వడ్డించుకుని తిన్నాడు.

తర్వాతి నెల పున్నమికి పొసోన్ పండగ. దానికి కొన్ని రోజుల ముందు ఒక సాయంత్రం, ప్రియంగిక మొలకల మీద నీళ్లు చిలకరిస్తోంది. ఒక్కోదానికీ గోరంత ఆకు. పువ్వు రావడానికి ఏళ్లు పడుతుంది. పట్టనీ. ఎవరో దగ్గడం వినిపించి తలెత్తింది. ఎప్పుడూ చెప్పుల్తో దూసుకొచ్చే ధర్మసిరి, పందిరి బయట వల అంచు దగ్గర ఆగిపోయి ఉన్నాడు. పక్కింటికి పంచదార కోసం వచ్చినవాడిలా నిలబడ్డాడు.

సభవాళ్లు మళ్లీ పూలడుగుతున్నారట. "నేనేమీ చెప్పలేదు. ఇంట్లో అడిగి చెబుతానన్నాను" అన్నాడు.

ఏ పూలు ఇవ్వాలో ఆమె ఆ పొద్దున్నే చూసి పెట్టుకుంది. ఇస్తానన్న మాట నాలుక చివరే ఉంది. కానీ అతను అలా బయట నిలబడి, జవాబు కోసం తన ముఖం చూస్తుంటే ఆమెకి ఎంత బావుందంటే, ఆ క్షణాన్ని అంత తొందరగా ఖర్చు చెయ్యబుద్ధి కాలేదు.

"ఇంకో రెండు వరసలు తడపాలి" అంది. "అక్కడే ఉండండి. ఆలోచించి చెబుతాను."