లారీ సీటు కింద మహానుభావుడు

చంద్రావతికి ఒళ్ళు మండిపోతాంది. మండదా మరి? ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. ఫింటాస్‌లో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు పిల్లల్ని తీసుకోని సౌదీకి పారిపోయింది. ఈమె పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయింది. బ్నీద్ అల్ గార్‌లో మనోళ్ళు తలదాచుకున్న బిల్డింగు ముందర నుంచి మధ్యాహ్నం బస్సులు జోర్డాన్‌కు పోతాయి. పాస్‌పోర్టు లేకుంటే ఎక్కనియ్యరు. అది తెచ్చిచ్చేదానికి శ్రీనివాసులు ఆమె చెవుల కమ్మలు అడిగినాడు.

శ్రీనివాసులు షువైఖ్ గోడౌన్లలో కూలీల మేస్త్రీ. సొంతంగా తోలుకునే లారీ ఉంది, నాలుగు అరబ్బీ ముక్కలొచ్చు. "మీకు వీసా ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టు యాడ పెడతాడో చెప్పుక్కా, నేను పోయి తెస్తా" అంటాడు. అందరూ నమ్మి బీరువాలు, సొరుగులు అన్నీ చెప్పినారు. రెండో రోజే మొహం వేలాడేసుకోని వస్తాడు. "మిలిటరీ వాళ్ళు ఎత్తకపోయినారక్కా. బంగారమిస్తే గానీ వదలరంట." అట్ల గాజులు ఊడదీసిచ్చిన మహబూబ్ బీ, "మా పాలిట దేవుడు" అని వానికి సలాములు కొడతాంది. దేవుడంట, దేవుడు!

రాయచోటిలో ట్యూషన్లు చెప్పి, ఇక్కడికొచ్చి మూటలు మోస్తాన్న సిద్ధయ్య సారుకు వీని యవ్వారం అర్థమైపోయింది. అందరూ కూర్చోని ఖుబ్బూస్ రొట్టె తింటాంటే, వాని ముందరే కథ ఎత్తుకున్నాడు.

"రెండొందల అరవై ఏండ్ల కిందట లండన్‌లో జొనాథన్ వైల్డ్ అని ఒకడుండె. దొంగల్ని పెట్టి సామాను ఎత్తించేదీ వాడే, పోగొట్టుకున్నోళ్ళ దగ్గర దుడ్లు తీసుకోని వెతికిచ్చేదీ వాడే. వాడు పోయినాక ఒక రచయిత వాని మీద పుస్తకం రాసి, మహానుభావుడు, మహానుభావుడు అని తెగ పొగిడినాడు."

ఎగతాళి అది! ఒక్కరికర్థమైతే కదా. అందరూ శ్రీనివాసులు దిక్కు చూసి చప్పట్లు కొట్టినారు. వాడు మీసం దువ్వినాడు.

"చూడు సార్, లండన్‌లోనూ నా అసుమంటోడు ఉండె! సామాను యాడ దాచేటోడు?"

"సొంత గోడౌన్లో."

"పిచ్చోడు! నా మాదిరి లారీ సీటు కింద పెట్టుకోవాల. ఎవడు చూస్తాడు?"

తినేవాళ్ళ చేతులు ఆగిపోయినాయి. చంద్రావతి లేచి, విసవిసా పోయి, బయటున్న వాని లారీ తలుపు తీసి సీటు ఎత్తింది. సంచి నిండా పాస్‌పోర్టులు! శ్రీనివాసులు అడ్డమొస్తే, "ముట్టుకో, చెయ్యి ఇరగ్గొడతా నా కొడకా" అనింది. వాడు ముట్టుకోలేదు. సిద్ధయ్య సారు పేర్లు చదివి ఎవరిది వాళ్ళకిచ్చినాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక చంద్రావతి అడిగింది. "ఆ లండనోన్ని ఆఖరుకు ఏం చేసినారు సార్?"

"ఉరి తీసినారమ్మా. తీసకపోతాంటే దావ పొడుగునా జనం రాళ్ళేసినారు."

ఆమె బయటికి చూసింది. మహబూబ్ బీ శ్రీనివాసులు చేతులు రెండూ పట్టుకోనుంది. "ఎంతైనా పాస్‌పోర్టులు భద్రంగా పెట్టినావు నాయనా. నువ్వు లేకుంటే మిలిటరీ వాళ్ళు కాల్చేసేటోళ్ళు." ఆమె వెనక ఇంకో నలుగురు, వానికి చెప్పి పోదామని నిలబడినారు. వాడు మళ్ళా మీసం దువ్వుతాండాడు.

"థూ! మీకు సిగ్గూ ఎగ్గూ లేదా?" అని అరిచి, చంద్రావతి కాలి చెప్పు తీసి కిటికీలోంచి విసిరింది. వాని మొహానికే తగిలింది. బస్సు కదిలింది. ఎడారి కాలిపోతాన్నా, అమ్మాన్ దాకా ఆమె ఒంటి చెప్పుతోనే పోయింది.