ఫొటో పడని కార్డు

కొత్తపేట సెంటర్లో దుర్గాభవానిది డీటీపీ షాపు. పెళ్లికార్డైనా, పెద్దకార్యం కార్డైనా చుట్టుపక్కల వాళ్లు అక్కడికే వస్తారు. ఆ పొద్దున పలివెల నుంచి అచ్చాయమ్మ గారు, ఆవిడ అల్లుడు అయ్యప్ప వచ్చేరు. అచ్చాయమ్మ గారి ఒక్కగానొక్క కొడుకు వీరబాబు మస్కట్‌లో అగ్నిప్రమాదంలో పోయేడు. ఆనవాలు పట్టలేనంతగా కాలిపోయేడని దహనం కూడా అక్కడే కానిచ్చేసేరు. కన్నతల్లికి కడచూపైనా దక్కలేదు. కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ కంట చుక్క నీరు లేదు. అది మావాడు కాదు, ఇంకెవరో అంటూ కూర్చున్నారట. పెద్దకార్యం కార్డు కోసం అల్లుడే బతిమాలి వెంటబెట్టుకొచ్చేడు.

దుర్గాభవాని కార్డు తయారుచేసి ప్రింటు కొట్టింది. పేరు వచ్చింది, తేదీ వచ్చింది, భోజనాల చోటూ వచ్చింది. ఫొటో ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఖాళీ.

"అదేంటండీ, కంప్యూటర్లో నవ్వుతూ కనపడుతున్నాడు కదా మా బామ్మర్ది!" అన్నాడు అయ్యప్ప.

"ఆయ్, ఒక్క నిమిషం ఆగండి."

ఫొటో తీసేసి మళ్లీ పెట్టింది. ఫైలు మూసి మళ్లీ తెరిచింది. రంగుల పరీక్ష పేజీ కొడితే అది నిక్షేపంగా వచ్చింది. కార్డు కొడితే మళ్లీ ఖాళీయే. ఈ మాయదారి మిషనుకి ఇవాళే రావాలా రోగం!

ఆ కాగితం అచ్చాయమ్మ గారు చేతిలోకి తీసుకున్నారు. అంతసేపూ రాయిలా ఉన్న ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"చూసేరా అల్లుడు గారూ? చావు కార్డు మీద వాడి ఫొటో పడనంటోంది. బతికున్నవాడిది ఎలా పడుతుందండీ? పదండి, పోదాం. కార్డులూ వద్దు, కార్యమూ వద్దు."

అప్పుడు తట్టింది దుర్గాభవానికి అసలు సంగతి. నిన్న ఐనవిల్లి వాళ్ల పెళ్లికార్డు చేసింది. తప్పులు దిద్దడానికి తీసే కాగితాలు చివరికి చెత్తబుట్టలోకే పోతాయి. వాటిమీద వినాయకుడుంటే కాళ్లకింద పడతాడని, ప్రింటులో బొమ్మలు రాకుండా సెట్టింగుల్లో టిక్కు తీసేస్తుంది ఎప్పుడూ. పనయ్యాక పెట్టేస్తుంది. నిన్న పెట్టడం మర్చిపోయింది. ఎంత పని చేసేను దేవుడా అనుకుంది.

మౌసు మీద చెయ్యి ఆగిపోయింది. మిషను పాడైందండీ, రేపు రండి అనేస్తే ఇవాళ్టికి ఈ తల్లి సంతోషంగా ఇంటికి వెళ్తుంది. మరి రేపో? గుమ్మం కేసి చూస్తూ ఎన్నాళ్లు కూర్చుంటుంది? దుర్గాభవానికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"పిన్నిగారూ, తప్పు నాదండీ. దేవుడి బొమ్మ చెత్తలో పడకూడదని బొమ్మలన్నీ నేనే ఆపేసేను. ఇంకేం లేదండీ."

టిక్కు పెట్టి ప్రింటు కొట్టింది. ముందు జుట్టు, తర్వాత నుదురు, కళ్లు, ఆ నవ్వు, మెల్లగా దిగేయి.

అచ్చాయమ్మ గారు ఇంకా రంగు ఆరని ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసేరు. బుగ్గమీద వేలితో నిమిరేరు. దుర్గాభవాని కుర్చీలోంచి లేచి వచ్చి పక్కన నిలబడింది.

"నిజంగానే పోయేవా నాన్నా!" అని ఆవిడ షాపు గచ్చు మీద కూలబడి గొల్లుమన్నారు.