చడీచప్పుడు లేకుండా

గొలుసన్న అసలు పేరు ఆ పంపుల మరమ్మతు షెడ్డులో ఎవరికీ గుర్తు లేదు. చైన్ పుల్లీ గొలుసు అతని చేతిలో ఉంటే ఏనుగంత మోటారైనా బుద్ధిగా పైకి లేచేది. కిర్రుమనేది కాదు, ఊగేది కాదు. దాని కింద కూర్చుని బోల్టులు విప్పేవాళ్ళు తలెత్తి చూసేవారు కాదు. గొలుసు పట్టింది గొలుసన్న కదా అని ధైర్యం. అతను సంపాదించుకున్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

కొంప ముంచింది ఒక్క మాట. ఆ షెడ్డులో బరువెత్తడాన్ని లేపడం అంటారు. ఒకరోజు టీ వేళ అతను తమ్ముడితో ఫోన్లో గొప్పలు పోతూ, "పొద్దున్నే లేపేశా. చడీచప్పుడు లేకుండా. పక్కనున్నవాడికి కూడా తెలీలేదు" అన్నాడు. లేపింది పెద్ద మోటారుని. విన్నది మాత్రం యజమాని బావమరిది. అతగాడు సొంత బట్టల కొట్టు ముంచేసి, బావగారి షెడ్డు మీద పెత్తనానికి కొత్తగా దిగాడు. గొలుసు ముట్టుకున్న పాపాన పోలేదు. షెడ్డు గేటు దాటితే లేపేయడమంటే దొంగిలించడం, కాదంటే చంపడం. ఆ సాయంత్రం స్టోరులో రాగితీగ చుట్ట ఒకటి కనబడకపోయేసరికి, ఆ మాటకీ ఈ చుట్టకీ ముడిపెట్టేశాడు.

అందరి ముందూ గొలుసన్న చెంప పగలగొట్టాడు. సంచీ దులిపించాడు, చొక్కా విప్పించాడు, ఒళ్ళంతా తడిమించాడు. ఏమీ దొరకలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు గానీ, ఇతను దొరకనూ లేదు, దొరా కాలేదు. బావమరిదిని కాదంటే యజమానికి ఇంట్లో అన్నం పుట్టదు, అందుకని రేపటి నుంచి రావద్దన్నాడు. లేపడమంటే ఏమిటో అక్కడున్న పనివాళ్ళందరికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. చెంప మీద కొట్టినవాడికన్నా వాళ్ళ మీదే నాకు ఎక్కువ మంట.

ఆ తర్వాత ఏ షెడ్డుకు వెళ్ళినా ఒకటే పాట. పనితనం తెలుసు, కానీ పాతచోటి నుంచి ఓ మంచిమాట చెప్పించుకు రమ్మన్నారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని ఒకాయన తెలివిగా నవ్వాడు కూడా. వీధిలో మాత్రం అతని భార్య నడుం బిగించింది. కుళాయి దగ్గర పక్కింటావిడ గొలుసన్న కూతుర్ని దొంగగారి పిల్ల అన్నరోజున బిందె విసిరి ఆవిడ నుదురు చిట్లగొట్టింది. రుజువుంటే చూపించమని గడప గడపకీ వెళ్ళి నిలదీసింది. ఎవరి దగ్గరా రుజువు లేదు. నెమ్మదిగా వీధి మెత్తబడింది. పక్కింటావిడే కట్టుకట్టిన నుదురుతో వచ్చి, పొరపాటుగా అన్నానని ఒప్పుకుంది.

గొలుసన్నకి అది చాలలేదు. ఆ మాట షెడ్డులోనే రావాలి. ఒక మధ్యాహ్నం వెళ్ళాడు. యజమాని లేడు, బావమరిది ఉన్నాడు. గొలుసన్న చేతులు కట్టుకునే అడిగాడు. పని అక్కర్లేదనీ, దొంగతనం రుజువు కాలేదని నలుగురి ముందూ ఒక్కసారి చెబితే చాలనీ అన్నాడు.

బావమరిది నవ్వాడు. "చడీచప్పుడు లేకుండా లేపుతావుగా. నీ కూతురికి కూడా నేర్పావా?"

గొలుసన్న నుదురు వెళ్ళి అతని ముక్కుకి కొట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినబడింది. ఒకడు వెనక నుంచి పట్టుకుంటే వాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇంకొకడు పానాతో వీపు మీద కొట్టాడు, అతను వెనక్కి కూడా తిరగలేదు. కింద పడ్డ బావమరిది నడుం బెల్టుకి కొక్కెం తగిలించి గొలుసు లాగడం మొదలుపెట్టాడు.

"లేపడమంటే ఇదిరా. ఇన్నాళ్ళూ మీరు నోరు మూసుకున్నారు. ఇప్పుడైనా చెప్పండి వీడికి."

ముక్కు నుంచి రక్తం ధార కడుతుంటే బావమరిది గాల్లో గిలగిల్లాడుతూ, లేపేస్తున్నాడు, లేపేస్తున్నాడని కేకలు పెట్టాడు. షెడ్డు మాటగా చూసినా, ఊరి మాటగా చూసినా అది నిజమే. ఎంత చిన్న బరువైనా కట్టు లాగి చూశాకే గొలుసు ముట్టుకునే మనిషి, ఆ రోజు చూడలేదు. బెల్టు తెగింది. బావమరిది వెళ్ళి ఇనుప దిమ్మ మీద పడ్డాడు. తర్వాత అతని కాళ్ళు కదలలేదు.

అప్పుడు కదిలారు మిగతా పనివాళ్ళు కూడా. అంతకు ముందు నోళ్ళు రానివాళ్ళకి కాళ్ళూ చేతులూ బాగానే వచ్చాయి. పోలీసులు వచ్చేసరికి గొలుసన్నకి ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి రెండుగా చీలింది.

స్టేషన్లో హత్యాయత్నం కేసు రాసి, చదివి వినిపించారు. ఇందులో దొంగతనం అని ఎక్కడైనా ఉందా అని అడిగాడు. లేదన్నారు. ఆ మాటకి అతని ప్రాణం కుదుటపడింది.

భార్య ఏడుస్తూ వచ్చింది. ఆమెని చూడగానే, "దొంగతనం ఊసే లేదే. చదివి వినిపించారు" అన్నాడు.

ఆమె ఆ చీలిన పెదవి మీదే కొట్టింది. మళ్ళీ రక్తం వచ్చింది.

"దొంగ అన్నప్పుడు అబద్ధం అని ఇల్లిల్లూ తిరిగి కొట్లాడాను. గెలిచాను కూడా. ఇప్పుడు ఏమని కొట్లాడమంటావు? ఇది నిజం కదయ్యా."

బడి వదిలే వేళయింది. దారిలో ఎవరో ఒకరు పిల్ల చెవిన వేసేలోపు తానే చెప్పాలని ఆమె చేతికంటిన రక్తం కూడా తుడుచుకోకుండా పరుగెత్తింది.