జకరయ్య తండ్రి

నతానియేలు బహ్రెయిన్ వెళ్ళింది డబ్బు కోసమని గుడివాడలో వాళ్ళ అన్నగారు పదిమందికీ చెప్పుకున్నాడు. కాదు, సువార్త కోసమని సంఘపు అయ్యగారు ఆదివారం ఆరాధనలో ప్రకటించారు. రెండూ నిజం కావని హన్నాకు తెలుసు. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒక్క పేరు పలకకుండా పొద్దుపుచ్చడం చేతకాక వెళ్ళాడు ఆమె మొగుడు.

ఆ పేరు జకరయ్య. దివిసీమలో, కోడూరు దగ్గర పల్లెలో నతానియేలు కాంపౌండరుగా చేస్తున్న రోజుల్లో, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన కొడుక్కి పెట్టాలనుకున్న పేరు. ఈ నెల అయ్యగారు వచ్చినప్పుడే బాప్తిస్మం ఇప్పించి పేరు పెట్టిద్దామని హన్నా అంది. ఈయనగారికి దర్జా కావలసి వచ్చింది. క్రిస్మసుకు గుడివాడలో, బంధువులందరి ఎదుట, బందరు నుంచి బ్యాండుమేళం పిలిపించి మరీ పేరు పెట్టించాలని ముచ్చటపడ్డాడు. ఎంత, రెండు నెలలేగా అన్నాడు. బిడ్డ అంతకాలం ఆగలేదు. వానల్లో జ్వరం తగిలి, పుట్టిన పదిహేడో రోజున పోయాడు.

పడవలో వచ్చిన అయ్యగారు మంచివారే, కాకపోతే పుస్తకంలో ఉన్నట్టే నడిచే మనిషి. బాప్తిస్మం లేని బిడ్డకు భూస్థాపన క్రమం చదవకూడదన్నారు. రిజిస్టరులో ఎక్కని పేరు శిలువ మీద రాయకూడదన్నారు. సమాధుల దొడ్డి చివర, కంచె పక్కన, ఏ రాతా లేని కొయ్య శిలువ ఒకటి నాటించి వెళ్ళిపోయారు. మీవల్లే అని హన్నా ఒక్క మాట అనలేదు. అనేసి ఉంటే నతానియేలు ఎక్కడికీ వెళ్ళకపోయేవాడు. ఏడాది చూసి, యాభైమూడులో బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కాడు.

అక్కడ చమురు కంపెనీ ఆసుపత్రిలో మందులు కలిపే పని. ఉండడానికి ఒక గది, ఒక మంచం, తెలుగు బైబిలు. తెలుగు మాట అనడానికి గానీ వినడానికి గానీ ఆ బైబిలు తప్ప దిక్కులేదు. కొన్నాళ్ళకు తన గొంతు తనకే కొత్తగా వినపడసాగింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఒక ముసలి కాపలాదారు ఉండేవాడు. పడుచుతనమంతా ముత్యాల కోసం సముద్రంలో మునిగి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇద్దరికీ వచ్చిన హిందుస్తానీ అంతంతమాత్రమే. అయినా సాయంత్రం పని కాగానే నతానియేలు వెళ్ళి ఆయన బల్ల మీద కూర్చునేవాడు. ఒక్క ఆత్మనైనా రక్షిస్తానని అయ్యగారికి మాటిచ్చి వచ్చాడు కదా, ఈయనతోనే మొదలుపెట్టాడు. చెవిటివాడికి సువార్త చెప్పాలంటే అరవాలి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడేననే త్రిత్వాన్ని గేటు దగ్గర నిలబడి అరిచి వివరించడమెంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. రోగులూ నర్సులూ నీళ్ళు మోసేవాళ్ళూ చుట్టూ చేరి వినేవారు.

ముసలాయన ఓపిగ్గా అంతా విని, దేవుడికి కొడుకేమిటి, ఆయనకేం అవసరం, కొడుకు కావలసింది మనిషికి కదా అనేవాడు. ఒకరోజు అలా అని, మరి నీకున్నాడా అని అడిగాడు. ఆ దేశంలో మర్యాద అది. మనిషిని పెద్దకొడుకు పేరు పెట్టి, ఫలానావాడి తండ్రీ అని పిలుస్తారు. ముసలాయన్ను అందరూ అబూ యూసుఫ్, అంటే యూసుఫ్ తండ్రి అనేవారు. లేడని చెప్పడానికి నతానియేలుకు నోరు రాలేదు.

"ఉన్నాడు, జకరయ్య" అన్నాడు.

ముసలాయన ముఖం వెలిగింది. ఆ పేరు వాళ్ళలోనూ ఉంది. అప్పట్నుంచి నతానియేలు అబూ జకరియా అయిపోయాడు.

ఇక అబద్ధం పిల్లవాడిలాగే పెరిగింది. వాడికి నడకొచ్చింది. పలక పట్టాడు. హంసలదీవి దగ్గర సముద్రాన్ని చూసి జడుసుకున్నాడు. శుక్రవారం సెలవునాడు నతానియేలు గదిలో ఒక్కడే పడుకుని, ఈ వారం వాడేం చేశాడని చెప్పాలా అని ఆలోచించేవాడు. పాపం చేస్తున్నానని తెలుసు. ఆ పాపం చేస్తున్నంతసేపే ప్రాణం కాస్త కుదుటపడేది.

ఐదేళ్ళకు సెలవు మంజూరైంది. వెళ్ళేముందు అబూ యూసుఫ్ దర్జీని పిలిపించాడు. పిల్లవాడికి చొక్కా కుట్టిస్తాను, ఎంత ఎత్తుంటాడో చూపించమన్నాడు. నతానియేలు నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. కాదేమోనని కాస్త పైకి జరిపాడు. ఆరేళ్ళవాడు ఎంత ఎత్తుంటాడో ఆయనకు తెలియలేదు. చివరికి చెయ్యి దించేశాడు. దర్జీ వెళ్ళిపోయాక ఉన్నదంతా చెప్పేశాడు.

ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే ముసలాయన ఆ రోజు మెల్లగా మాట్లాడాడు.

"పోయినవాడు కొడుకు కాకుండా పోతాడా? నా యూసుఫ్ సముద్రంలో పోయి ఇరవై ఏళ్ళయింది. నన్నెవరైనా ఇంకో పేరుతో పిలవగా విన్నావా?"

"మీవాడికి పేరుంది. మావాడు బాప్తిస్మం లేకుండా పోయాడు. మా దేవుడి దగ్గర వాడికి పేరే లేదు."

"ఐదేళ్ళుగా ఈ గేటు దగ్గర అందరం పిలుస్తున్నాం. మీ దేవుడు నాకంటే చెవిటివాడా?"

ఆ వారమే నతానియేలు ఓడ ఎక్కాడు.

గుడివాడలో రైలు దిగితే అన్నగారు రెండు రోజులు ఉండమన్నాడు. ఉండలేదు. బందరులో ఒక మందుల షాపులో పని మాట్లాడుకుని, బస్సెక్కి పులిగడ్డ దాటి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. గుడివాడ వచ్చి ఉండమని అన్నగారు ఎన్నిసార్లు కబురుపెట్టినా ఆ పల్లె వదలని హన్నా వాకిట్లో మినుములు చెరుగుతోంది. జుట్టు సగం నెరిసింది. అన్నం పెట్టింది. ఆయన తినకుండా కూర్చుని, చేసిన మోసమంతా, పెంచిన అబద్ధమంతా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆరేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు వినపడింది. తిడుతుందని కాచుకున్నాడు.



"అక్కడ అందరూ పిలుస్తారా?" అంది హన్నా.

"అందరూ. డాక్టరు దగ్గర్నుంచి నీళ్ళు మోసేవాడి దాకా."

"ఎలా పిలుస్తారో ఒకసారి అనండి."

అన్నాడు. ఇంకోసారి అనమంది. అన్నాడు. ఆమె ఏడవలేదు. ఆయనే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, ఇక వెళ్ళను, బందరులో పని కుదుర్చుకుని వచ్చాను, ఇద్దరం కలిసే ఉందాం అన్నాడు. ఆ మాట కోసం ఆమె ఐదేళ్ళుగా ఎదురుచూసిందని ఊరందరికీ తెలుసు.

"వద్దండీ. మీరు వెళ్ళండి" అంది హన్నా. "ఇక్కడ వాణ్ణి పిలిచేవాళ్ళెవరున్నారు?"