తలాతు పలకని పేరు

ఇలా నా చాప మీదికి జరుగు జుమ్మాయ్. ఆ వేరుశెనక్కాయలు తర్వాత ఒలుచుకోవచ్చు. నిన్న నీ స్నేహితురాలు చదువుతుంటే కళ్లు తుడుచుకున్నావే, ఆ నవల రాసింది బయటి మనిషి కాదు. నా సవతి తలాతు.

కానో ఊరి పాతబస్తీలో ఒకే ప్రహరీ లోపల ఇద్దరం కాపురం చేశాం. తను వాకిలి దాటేది కాదు, తన పుస్తకాలు మాత్రం బజారంతా తిరిగేవి. నాకు చదువు రాదు కదా, నేను సంగటి కెలుకుతుంటే రాసినంత వరకూ వినిపించేది. కథలో పిల్ల ఏడ్చిందంటే ఇక్కడ నా సంగటి అడుగంటేది.

మనలో తల్లి సిగ్గుకొద్దీ తొలిచూలు బిడ్డను పేరు పెట్టి పిలవదు, నలుగురిలో దగ్గరికి తీయదు. తలాతు ఆ సిగ్గును మరీ గట్టిగా పట్టుకుంది. పెద్దకూతురు హసియాను "ఏయ్" అనేది, లేదంటే "ఆ పిల్ల". వీపున కట్టుకుని తిప్పిందీ, పేరు పెట్టి పిలిచిందీ నేనే.

హసియా పెళ్లయి వెళ్లాక ఈ నవల వచ్చింది. అందులో ముర్జా అనే పెద్దకూతురు ముసుగు కప్పుకుని అత్తారింటికి బయలుదేరితే, తల్లి సిగ్గు విడిచి వాకిట్లోకి పరుగెత్తి "ముర్జా! నా తల్లీ ముర్జా!" అని పిలుస్తుంది. చేతులు మారి మారి పుస్తకం అంచులు పీచుపీచయ్యాయి. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు వచ్చి, "మా అమ్మా పిలవలేదమ్మా" అని ఏడ్చి వెళ్లేవారు.

ఒక మధ్యాహ్నం హసియా వచ్చింది, చేతిలో అదే పుస్తకం.

"పిన్నీ, కాగితం పిల్లకున్న అదృష్టం నాకు లేకపోయిందే! ఒక్కసారి పిలవమను. మీరిద్దరూ తప్ప ఎవరూ లేరుగా."

తలాతు ముసుగు ముందుకు లాక్కుంది. "ఆ పిల్లకి మజ్జిగలో ఫురా ముద్ద కలిపివ్వవే. ఎండన పడి వచ్చింది."

"నేను దాహమేసి రాలేదు!"

"ఏం అక్కా, ఊరందర్నీ ఏడిపించే మాటలు రాస్తావే, ఇప్పుడు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అన్నాను.

తలాతు పెదవులైతే కదిలాయి, అంతే. నేను కలిపిన ఫురా ముట్టకుండానే హసియా వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచాయి. తలాతు మంచాన పడింది. రేడియోలో నవలలు చదివే పని హసియాకు దొరికింది. తల్లి నవలే చదువుతోందని తెలిసి రేడియో తలగడ దగ్గర పెట్టాను. వాకిలి ఘట్టం దగ్గర గొంతు ఆగింది. తర్వాత వినిపించింది: "హసియా! నా తల్లీ హసియా!"

తలాతు గోడవైపు తిరిగింది. "ఆ పిల్ల గొంతు ఎండిపోయింది. ఎవరైనా నీళ్లివ్వండే," అంది. ఆ పిల్లేమో ఊరికి ఆ చివర ఉంది.

దుమ్ముగాలులు మొదలైన నెలలోనే తలాతు పోయింది. హసియా వచ్చి ఒక్కటే అడిగింది. "చివరికైనా పిలిచిందా పిన్నీ?"

"నీకు నీళ్లివ్వమంది తల్లీ." అన్నాను.

తలాతు లేదు, ముర్జా కోసం ఏడ్చేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. జుమ్మాయ్, ఇది మరిచిపోకు. నీ స్నేహితురాళ్లకు చెప్పు. చెబుతూ వాకిలి ఘట్టం దగ్గరికి వచ్చినప్పుడు ముర్జా అనకు. తలాతులా నీకు సిగ్గు అడ్డు లేదుగా, హసియా అని గట్టిగా పిలువు.