ఫ్యాను కింద బెంచీ

శనివారం తెల్లవార్లూ పొయ్యి ముందు నిలబడి బ్రెడ్డు కాల్చి, ఒంటికంటిన పిండి దులుపుకుని నేరుగా చర్చికి వచ్చే మనిషి బేకరీ అక్క. అలాంటి మనిషికి ఫ్యాను కింద చోటు దొరికితే కన్ను మూతపడదా? పడింది. ప్రసంగం మధ్యలో గురక కూడా వచ్చింది.

బయటికి రాగానే ఆడపడుచు అందుకుంది. "పరువు తీశావు వదినా. సంఘపెద్దగారు ప్రసంగం ఆపి మరీ నీ వంక చూశారు. దానికన్నా ఇంట్లో పడుకున్నా బాగుండేది."

"ఇంట్లో పడుకుంటే రాలేదంటారు, వస్తే పడుకుందంటారు. వాళ్ల నోళ్లు మూయించడం నా వల్ల కాదు. ఆయన ఏమంటాడో అదొక్కటే కావాలి నాకు."

"ఎవరు?"

"మనం ఎవరింటికి వచ్చామో ఆయన. వచ్చేవారం నేనే అడుగుతాను."

అన్నట్టే మళ్లీ ఆదివారం అదే బెంచీ మీద, ఆడపడుచు పక్కనే కూర్చుంది. చుట్టూ ఓరచూపులు మొదలైనా పట్టించుకోకుండా కళ్లు మూసుకుంది. "తండ్రీ, నేనిక్కడ నిద్రపోతే నీకు కోపమా? మొహమాటం లేకుండా చెప్పు" అని అడిగి, జవాబు కోసం ఓపిగ్గా కాచుకుంది.

మెలకువ వచ్చేసరికి చర్చి ఖాళీ అయిపోయింది. తల ఆడపడుచు భుజం మీద ఉంది.

"ఇంతకీ ఏమన్నాడు?" తిమ్మిరెక్కిన భుజం రుద్దుకుంటూ అడిగింది ఆడపడుచు.

బేకరీ అక్క హాయిగా ఒళ్లు విరుచుకుంది.

"నన్ను లేపలేదుగా."